సముద్రం చప్పుడు ఎట్లుంటది?

ఓడ ఎక్కేటప్పటికి నా మనసులో ఒకటే మాట ఉంది. ఈ మనిషిని ఆఖరిసారి అడుగుతాను. ఔనంటే ఇద్దరం పోతాం, కాదంటే నేనొక్కదాన్నే వికారాబాద్ పోయి బతుకుతాను. ముంబైలో ఓడ మెట్లెక్కుతూ కూడా అదే అనుకున్నాను. నా వెనక మా ఆయన, తాండూరు నుంచి మోసుకొచ్చిన సంచిని భుజం మార్చుకుంటూ, ఏమీ ఎరగని మనిషిలా నవ్వుతూ ఎక్కుతున్నాడు. ఆ నవ్వు చూస్తేనే నాకు ఒళ్ళు మండింది.

మాది తాండూరులో బండలు పాలిష్ చేసే ఫ్యాక్టరీ. పెద్దదేం కాదు, నాలుగు మిషన్లు. మా ఇల్లు కూడా అదే ప్రహరీలో ఉంది. పొద్దున ఎనిమిదింటికి మిషన్లు మొదలైతే సాయంత్రం దాకా ఆ చప్పుడు గోడల్లో, గిన్నెల్లో, మన పళ్ళలో కూడా ఉంటుంది. అందుకే మా ఇంట్లో ఎవరూ మెల్లగా మాట్లాడరు. కూరలో ఉప్పు సరిపోయిందా అని నేనడిగితే, కొత్తగా వచ్చినవాళ్ళు మొగుడూ పెళ్ళాలు కొట్టుకుంటున్నారని భయపడతారు. దానికి తోడు నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పెళ్ళయిన కొత్తలో మా అత్తమ్మ, 'గీ పిల్ల గొంతు ఉంటే మనకు మైకు అవసరం లేదు' అనేది.

ఫ్యాక్టరీలో మాత్రం నోటితో పని లేదు. అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడతారు. పనివాళ్ళలో కొందరు కన్నడం వాళ్ళు, కొందరు హిందీ వాళ్ళు, మిగతా మావాళ్ళు. ఎవరి భాష ఏదైనా చేతుల మాట ఒక్కటే. పిడికిలి బిగించి పక్కకు తిప్పితే మిషన్ ఆపమని. భుజం మీది తువ్వాల తీసి దులిపితే పని అయిపోయింది, ఇంటికి పోదామని. బండను వేలి కణుపుతో ఒక్కసారి కొట్టి బొటనవేలు వెనక్కి చూపిస్తే అంచు విరిగింది, పక్కన పెట్టమని. అరచేత్తో రెండుసార్లు తట్టితే మాత్రం బండ మంచిది, లారీకి ఎక్కించమని.

పెళ్ళయిన వారానికి నేను మొదటిసారి ఆయనకు సద్ది పట్టుకొని ఫ్యాక్టరీలోకి పోయాను. కందిపప్పు, పచ్చిపులుసు, జొన్నరొట్టె. ఆయన తిన్నాడు, చేయి కడుక్కున్నాడు, టిఫిన్ మూత మీద అరచేత్తో రెండుసార్లు తట్టాడు. బాగుందని ఒక్క మాట అనలేదేమని నాకు మొహం మాడిపోయింది. బండలు కడిగే ఒకామె నా అవస్థ చూసి పగలబడి నవ్వి, చెవి దగ్గరకొచ్చి అరిచి చెప్పింది, 'అక్కా, నీ వంట పాసైంది! ఎక్కించుమన్నడు!' ఆ రోజు నేను సిగ్గుతో ఇంటిదాకా పరుగెత్తాను. తర్వాత చాలా ఏళ్ళు ఆయన అట్లా తట్టేవాడు. ఎప్పుడు మానేశాడో నాకు గుర్తు లేదు.

ఇక వికారాబాద్ మాట. నేను పుట్టి పెరిగింది అక్కడే. మా అమ్మ పేరు మీద ఉన్న రెండు గదుల ఇల్లు నాకు వచ్చింది. పెరట్లో సీతాఫలం చెట్టుంది. అనంతగిరి గుట్ట మీంచి వచ్చే గాలి పొద్దున్నే నేరుగా వంటింట్లోకి వస్తుంది. ఆరు నెలల కింద అందులో అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేశారు. తాళం చెవి చేతికి వచ్చిన రోజే నాకు అక్కడికి పోయి ఉండాలనిపించింది. ఇన్నేళ్ళు తాండూరులో తులసి ఆకు మీద బండల పొడి తుడిచి తుడిచి విసిగిపోయాను. ఫ్యాక్టరీ ఎట్లాగూ కొడుకు చూసుకుంటున్నాడు. మిగిలిన రోజులైనా మేమిద్దరం పిట్టల అరుపులు వినపడే చోట ఉండాలని నా ఆశ.

ఈ మాట నేను అరిచి అడగలేను. కోడలి చెవిన పడితే, నేను తన మీద అలిగి పోతున్నానేమోనని ఆ పిల్ల కుమిలిపోతుంది. అందుకే మిషన్లు మొదలు కాకముందు, ఆరింటికి ఆయనకు చాయ్ కాస్తూ మెల్లగా అడిగాను. 'మనిద్దరం వికారాబాద్ పోయి ఉందామయ్యా' అన్నాను. ఆయన చాయ్ గిలాస తీసుకొని బయటికి వెళ్ళిపోయాడు. పది రోజులు ఆగి మళ్ళీ అడిగాను. అదే తంతు. మూడోసారి కళ్ళలో నీళ్ళు పెట్టుకొని అడిగాను. అప్పుడు మాత్రం నోరు విప్పాడు. 'ఇయ్యాల లారీ వస్తది' అన్నాడు. నేను పొయ్యి దగ్గరే కూలబడ్డాను. నా మాటకు ఆ ఇంట్లో అంతే విలువ అనుకున్నాను.

ఓడ ఆలోచన కోడలిది. 'అత్తమ్మా, మీరిద్దరు కలిసి ఎప్పుడన్న ఎటన్న పోయిండ్రా? పెండ్లిళ్ళకు, దినాలకు తప్ప' అంది. కొడుకు ఫోన్లోనే టికెట్లు తీసేశాడు. మూడు రాత్రుల ప్రయాణం, అందులో రెండో రోజంతా సముద్రం మీదే. ఏ ఊరూ రాదు, ఎవరూ దిగరు, చేయాల్సిన పనేమీ లేదు. ఆ రోజే అడగాలని నేను గట్టిగా నిర్ణయించుకున్నాను. నడి సముద్రంలో లారీ ఎట్లా వస్తుందో నేనూ చూస్తాను అనుకున్నాను.

ఆ రోజు పొద్దున కర్టెన్ తీస్తే కిటికీ నిండా నీళ్ళే. గట్టు లేదు, చెట్టు లేదు. చూస్తూ నిలబడితే నాకే తెలియకుండా గుండెలో బిగువు కాస్త సడలింది. ఆయన నా పక్కకొచ్చి, 'అబ్బో! ఎంత నీళ్ళే! మన కాగ్నాల గిన్ని నీళ్ళు ఉంటె ఎంత మంచిగుండు' అన్నాడు. ఏ సముద్రం చూపించినా ఈయనకు తాండూరు వాగే గుర్తొస్తుంది. నాకు నవ్వొచ్చింది, కానీ కోపంలో ఉన్నానని గుర్తొచ్చి ఆపుకున్నాను.

టిఫిన్ హాల్లో ఇడ్లీ నుంచి బ్రెడ్ దాకా వంద రకాలు పెట్టారు. ఆయన మాత్రం గోడకు వీపు ఆనే కుర్చీ కోసం హాలంతా తిరిగాడు. ఎక్కడికి పోయినా అంతే, పెళ్ళి విందుల్లో కూడా మూల కుర్చీయే కావాలి. మా బల్ల దగ్గర కూర్చున్న ఒక పెద్దావిడ, పోయినసారి విమానంలో తన పెట్టె బదులు ఇంకొకరి పెట్టె వచ్చిందని, అందులో అన్నీ పెళ్ళికొడుకు బట్టలే ఉన్నాయని హిందీలో చెప్పి నవ్వించింది. అందరం నవ్వాం. మేము నవ్వడం ఆపాక ఆయన మొదలుపెట్టాడు. నేను బల్ల కింద కాలితో తొక్కాను. ఆయన నా మొహం చూసి టక్కున ఆపేశాడు. ఈ మనిషికి ధ్యాస ఎప్పుడూ ఫ్యాక్టరీ మీదే, పక్కన మనుషులున్నారన్న సోయే ఉండదు అనుకున్నాను.

ఓడ పై అంతస్తులో పాటలు, ఈతకొలను, పిల్లల కేకలు. మేము కింది అంతస్తులో వెనక వైపు పోయాం. అక్కడ కాళ్ళు చాపుకొని పడుకునే కుర్చీలు వరుసగా వేసి ఉన్నాయి, మనుషులు మాత్రం పలచగా ఉన్నారు. నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. నా పెళ్ళయిన తర్వాత అంత నెమ్మదైన చోట మేమిద్దరం కూర్చోవడం అదే మొదలు. ఆయన కూర్చోకుండా రెయిలింగ్ మీద అరచేయి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి కళ్ళు తెరిచి, 'మిషన్ మంచిగ నడుస్తున్నది' అన్నాడు తృప్తిగా.

"నీ మిషన్ పాడుగాను! ఇక్కడ గూడ మిషనేనా?" అన్నాను.

ఆయన నవ్వి కుర్చీలో వాలాడు. పల్లీల పొట్లం విప్పుకున్నాడు. చుట్టూ ఎండ మెత్తగా ఉంది. ఇంతకంటే మంచి సమయం రాదనిపించింది. ఆయన మొహం చూస్తే నాకు ఏడుపొస్తుందని, సముద్రాన్ని చూస్తూ చెప్పడం మొదలుపెట్టాను. ఆ చోటికి తగ్గట్టు మెల్లగానే మాట్లాడాను. ఇల్లు ఖాళీ అయిన సంగతి చెప్పాను. సీతాఫలం చెట్టు గురించి చెప్పాను. చాయ్ దగ్గర మూడుసార్లు అడిగి మూడుసార్లు ఎంత చిన్నబోయానో చెప్పాను. 'నీకు నేనొద్దా, ఫ్యాక్టరీయే కావాల్నా, గది ఒక్కటి చెప్పు. ఏదైనా సరె, ఇనడానికే గింత దూరం వచ్చిన' అన్నాను. ముప్పై ఏళ్ళలో అంత మెత్తగా, అంత సేపు నేనెప్పుడూ మాట్లాడలేదు.

జవాబు రాలేదు. కొంచెం సేపు ఆగాను. ఆలోచిస్తున్నాడేమో అనుకున్నాను. చివరికి తల తిప్పి చూశాను. ఆయన నీళ్ళను చూస్తూ హాయిగా పల్లీలు నములుతున్నాడు. నేను చూడటం చూసి పొట్లం నా వైపు చాపి, "చాయ్ తాగుదామా?" అన్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. "నువ్వే తాగు! పీపాలకు పీపాలు తాగు!" అని లేచి విసవిసా నడిచాను. వెనక్కి తిరిగి చూడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. అయితే ఓడలో అలగడానికి చోటు లేదని అప్పుడు తెలిసింది. పుట్టింటికి పోవడానికి బస్సు లేదు. ఆ అంతస్తు ఓడ చుట్టూ తిరిగి ఉంటుంది. నేను ఏడ్చుకుంటూ, ముక్కు తుడుచుకుంటూ, ఎంత దూరం నడిచినా చివరికి మళ్ళీ ఆయన కుర్చీ వెనకకే వచ్చి నిలబడ్డాను.

ఇరవై అడుగుల దూరంలో ఆయన నెత్తి మీది టోపీ కనబడుతోంది. అప్పుడే ఓడలో పనిచేసే ఒకామె, తువ్వాళ్ళ బండి తోసుకుంటూ అటుగా వచ్చింది. ఆయన కాళ్ళు దారికి అడ్డంగా ఉన్నాయి. వెనక నుంచి 'సర్' అని పిలిచింది. ఆయన కదల్లేదు. మళ్ళీ గట్టిగా పిలిచింది. మూడోసారి ఇంకా గట్టిగా పిలిచింది. ఆయన పల్లీ పొట్టు ఊదుకుంటున్నాడు. ఆమె బండిని అటు తిప్పుకొని ఆయన ముందుకు రాగానే, గబుక్కున లేచి, కాళ్ళు ముడుచుకొని, చేతులు జోడించి క్షమాపణ చెప్పుకున్నాడు.

నాకు కోపం ఎక్కడికక్కడ ఆగిపోయింది. మెల్లగా నడిచి ఆయన కుర్చీకి సరిగ్గా వెనక నిలబడ్డాను.

"నేను పోతున్న" అన్నాను.

ఏమీ లేదు. గొంతు పెంచాను. "వికారాబాద్ పోతున్న. ఒక్కదాన్నే పోతున్న!"

నాలుగు కుర్చీల అవతల పడుకున్న పెద్దమనిషి తల ఎత్తి నా వైపు చూశాడు. మా ఆయన చూడలేదు.

గోడకు వీపు ఆనే కుర్చీ గుర్తొచ్చింది. ఆలస్యంగా వచ్చిన నవ్వు గుర్తొచ్చింది. ఫోన్ మోగితే కొడుకు చేతికిచ్చి, 'నువ్వు మాట్లాడురా, నాకు పనుంది' అనడం గుర్తొచ్చింది. ముందుకొచ్చి ఆయన కాళ్ళ దగ్గర, అదే కుర్చీ చివర కూర్చున్నాను.

"ఏమైందే? ఏడ్సినవా?" అన్నాడు కంగారుగా.

"ఎప్పటిసంది?" అన్నాను.

ఆయన చూపు నా కళ్ళ మీద లేదు. నా పెదవుల మీద ఉంది. ఎన్నేళ్ళుగా అక్కడే ఉందో!

"ఏంది ఎప్పటిసంది?"

నేను నా చెవి చూపించాను. ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. తప్పు చేసి దొరికినట్టు తల వంచాడు. టోపీ అంచు తిప్పుకుంటూ అన్నాడు, "ఎడమది పోయి చానా ఏండ్లయింది. కుడి చెవుల జర జర ఇనవడుతుండె. పోయిన వానకాలం సంది అది గూడ సరిగ లేదు. గట్టిగ మాట్లాడితె గింత ఇనవడ్తది, అంతె."

"నాకెందుకు చెప్పలేదయ్యా?"

"చెప్తె పరేషాన్ అయితవు. అయినా నువ్వు మాట్లాడితె ఊరంత ఇనవడ్తది గద, నాకేం కష్టం గాలె" అని నవ్వబోయాడు. నేను నవ్వలేదు. ఆయన కూడా ఆపేశాడు.

"మరి పొద్దుగాల చాయ్ కాడ నేనడిగింది?"

ఆయన గొంతు తగ్గింది. "పొయ్యి దిక్కు తిరిగి ఏదో అంటుంటివి. నాకు నీ వీపే కనవడుతుండె. ఏదో పెద్ద మాటే అంటున్నవని నీ భుజాలు చూస్తె సమజయ్యేది. ఏమంటివే అని అడిగితె దొరికిపోతనని బుగులు. గందుకే చాయ్ పట్టుకొని బయటికి పోతుంటి. ఒకసారి నువ్వు ఏడుస్తున్నట్టు అనిపించింది. ఏం చెప్పాల్నో తెల్వక, లారీ వస్తది అన్న."

నాకు దుఃఖం ఆగలేదు. ఈ మనిషి నా మాట వినడని పుట్టింట్లో చెప్పుకున్నాను, చుట్టాలకు చెప్పుకున్నాను, దేవుడికి కూడా చెప్పుకున్నాను. ఒక్కసారి కూడా ఎదురుగా నిలబడి మొహంలోకి చూస్తూ అడగలేదు. ఆయన కూరలో ఉప్పెంత తింటాడో నాకు తెలుసు, ఏ మోకాలు నొస్తుందో తెలుసు. ఇది మాత్రం తెలియలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది. ఆయన రెండు చేతులూ పట్టుకొని ఏడ్చాను. ఆయనేమో చుట్టూ చూస్తూ, "ఊకోయే, అందరు చూస్తున్నరు, నేను కొట్టిన అనుకుంటరు" అని నా కొంగుతోనే నా కళ్ళు తుడిచాడు.

కాసేపటికి తువ్వాళ్ళ బండి ఆమె మళ్ళీ వచ్చి రెండు మెత్తటి తువ్వాళ్ళు ఇచ్చి పోయింది. చాయ్ తెచ్చుకున్నాం. పాలూ డికాషనూ ఒకదానికొకటి పరిచయం లేని చాయ్ అది. అయినా తాగాం. ఎండ కాస్త పక్కకు జరిగింది.

"ఒకటి అడుగుత, నవ్వొద్దు" అన్నాడు ఆయన.

తల ఊపాను.

"సముద్రం చప్పుడు ఎట్లుంటది?"

నేను ఆయనకు ఎదురుగా సర్దుకొని కూర్చొని, నిమ్మళంగా చెప్పాను. "కోత మిషన్ కాడ బండ మీద నీళ్ళు వడుతుంటయి గద. మిషన్ బంద్ చేసినంక గూడ కొంచెంసేపు గా నీళ్ళు బండ మీంచి జారుతనే ఉంటయి. గా చప్పుడు. గాని మస్తు పెద్దగ. ఎవ్వరు బంద్ చెయ్యరు."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. మొహం తేటపడింది. "గా చప్పుడు నాకెరుక" అన్నాడు.

కళ్ళు తెరిచి నా చేయి కదిపాడు. "ఇగ చెప్పు. పొయ్యి దిక్కు తిరిగి ఏమంటుంటివి?"

ఓడ ఎక్కినప్పటి నుంచి ఆ మాట చెప్పాలనే ఉంది. తీరా ఇప్పుడు, గట్టిగా అంటే ఓడంతా వింటుంది. మెల్లగా అంటే ఆయన వినడు. అప్పుడు నా చేతులు వాటంతట అవే లేచాయి. పిడికిలి బిగించి పక్కకు తిప్పాను. మిషన్ ఆపు. ఆయన కనుబొమలు ఎత్తి చూస్తున్నాడు. ఆయన్ను చూపించి నన్ను చూపించుకున్నాను. కొంగు చివర పట్టుకొని తువ్వాల దులిపినట్టు దులిపాను.

"ఇంటికా? ఎల్లుండి పోతనే ఉన్నం గద" అన్నాడు.

కాదని తల ఊపి, ఆయన చూపు నా పెదవుల మీదికి వచ్చేదాకా ఆగి, ఒక్కో అక్షరం విడదీసి అన్నాను. "వికారాబాద్. మనిద్దరం. ఇగ గక్కడనే."

ఆయన సముద్రం వైపు తిరిగాడు. అడగడానికి నాకింకేమీ మిగల్లేదు. చివరికి నీళ్ళను చూస్తూనే అన్నాడు, "ఫ్యాక్టరీల అందరం చెవిటోళ్ళమే. గక్కడ నేనెవ్వనికి తక్కువ గాను. వికారాబాద్‌ల అంత నిమ్మళం. మందిల నేను ఎట్ల దాసుకోవాలె?"

ఆయన గడ్డం పట్టుకొని మొహం నా వైపు తిప్పుకున్నాను. "దాసుకునుడు ఎందుకు? పోంగనె చెవుల డాక్టర్ కాడికి పోదాం. ఆయనతోని ఎంతయితె అంత. మిగిలింది నేను నీ ముంగల నిలవడి చెప్త. ఇగ పొయ్యి దిక్కు తిరిగి ఒక్క మాట గూడ మాట్లాడ."

"తిట్లు గూడ ముంగల నిలవడే తిడ్తవా?"

"తిట్లు గూడ."

ఆయన పల్లీల పొట్లం కింద పెట్టాడు. చేతులకంటిన పొట్టు దులుపుకున్నాడు. బండను చూసినట్టు, ఏ తొందరా లేకుండా నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూశాడు. ఆ తర్వాత నా చేతిని తన మోకాలి మీదికి లాక్కొని, అరచేత్తో దాని మీద రెండుసార్లు తట్టాడు.